డబ్బాకి కవర్

మా బావ ఏ ఊరినీ చూడడు. కవర్ చేస్తాడు.

విమానాశ్రయంలో ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చి, నేనెలా ఉన్నానో అడగకముందే, ఇక్కడ మొత్తం ఎన్ని ప్లేసులు కవర్ చెయ్యొచ్చని అడిగాడు. ఆ మాటకి నాకు మా డిగ్రీ కాలేజీలో సిలబస్ కవర్ చేసే లెక్చరర్ గుర్తొచ్చాడు. పాఠం ఎవరికైనా అర్థమైందా అన్నది ఆయనకి అక్కర్లేదు, చివరి పేజీ దాకా వెళ్లామా లేదా అన్నదే లెక్క. మన దగ్గర ఈ కవర్ అనే మాట ఎక్కడ పడితే అక్కడ దూరింది. సిలబస్సూ కవరే, ఊళ్లూ కవరే, కూరగాయలు తెచ్చుకునే ప్లాస్టిక్ సంచీ కవరే, చేసిన వెధవ పనిని దాచుకోవడమూ కవరే. ఆ మాటంటే నాకు మొదటినుంచీ వెగటు. వాళ్లు వచ్చి వెళ్లాక అది రోతగా మారింది.

నేనిక్కడ చదువుతున్నాను కాబట్టి వాళ్లు వచ్చారు. నన్ను చూడటానికని కాదు. మరదలున్న ఊరికి వెళ్తే హోటల్ అక్కర్లేదు, భాష రాకపోయినా ఫర్వాలేదు, దారి చూపించడానికి ఒక మనిషి దొరుకుతుందని బావ లెక్క. టైల్స్ షాపు తమ్ముడికి అప్పగించి, అక్కనీ, తన తల్లి అత్తయ్యగారినీ వెంటబెట్టుకుని దిగాడు. నాది ఒకటే గది. ఒక మంచం, ఒక బల్ల, గోడకి అతికించినట్టుండే వంటగట్టు, మనిషి పక్కకి తిరిగితే మోచెయ్యి గోడకి తగిలే బాత్రూం. మంచం అత్తయ్యగారికిచ్చాను. అక్కాబావలకి నేలమీద పరుపు వేశాను. నేను బల్లకీ తలుపుకీ మధ్య పడుకున్నాను, కాళ్ల దగ్గర నా డబ్బా పెట్టుకుని.

ఆ డబ్బా గురించి చెప్పాలి. నేను చదివేది చెత్త చదువు. తిట్టు కాదు, నిజంగానే చెత్త గురించిన చదువు. బంధువులు అడిగితే మా బావ "ఎన్విరాన్‌మెంట్‌లో ఏదో" అని మాట తప్పిస్తాడు. డబ్బాలో ఉన్నవి ఒక జాతి ఈగ పురుగులు. కుళ్లిన కూరగాయలు, పాచిపోయిన అన్నం, ఏది వేసినా తినేసి నల్లటి ఎరువు చేసి పెడతాయి. బాగా బలిశాక ఎండబెట్టి కోళ్లకి మేతగా వేస్తారు. వాటిని గుడ్ల దగ్గర్నుంచి పెంచి, రోజూ కొన్నిటిని తూచి, చివరికి డబ్బాతో సహా మా మేడమ్ ముందు పెట్టి బతికున్నవాటిని తూచి చూపించాలి. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు తూకం మేడమ్. కాగితం మీద ఎన్ని అంకెలు చూపించినా వినదు, త్రాసు మీద పెట్టమంటుంది.

ఆ తూకం సోమవారం. అది గట్టెక్కితే నేను పాసు, ఊరి చివర ఎరువుల కేంద్రంలో ఇస్తామన్న శిక్షణ నాది. గట్టెక్కకపోతే మళ్లీ గుడ్ల దగ్గర్నుంచి మొదలు, ఒక టర్మంతా వెనక్కి, ఆ శిక్షణ ఇంకెవరికో. ల్యాబ్‌లో గోడలకి రంగులు వేస్తున్నారు, ఆ ఘాటుకి పురుగులు చస్తాయని మేడమే డబ్బాని గదికి తీసుకెళ్లమంది. సరిగ్గా ఆ వారమే చూసుకుని మావాళ్లు దిగారు.

డబ్బా మీద పల్చటి వలగుడ్డ ఒకటి ఉంటుంది. లోపలికి గాలి ఆడాలి, బయటి ఈగలు దూరకూడదు. గాలి ఆడకపోతే ఆ కుళ్లులో వేడి పుట్టి, ఆవిరి పట్టి, పురుగులు ఉన్నవి ఉన్నట్టు ఉడికిపోతాయి. ఆ వలగుడ్డని ల్యాబ్‌లో అందరం కవర్ అనే అంటాం. నాకూ నోటికి అదే అలవాటైంది.

డబ్బాని చూసిన రోజే అత్తయ్యగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మళ్లీ తియ్యలేదు. వాసన రాదని నేననను. వానలో తడిసిన మట్టిలో ఎవరో మజ్జిగ ఒలకబోసినట్టు ఒక పులిసిన వాసన వస్తుంది. కిటికీ కాస్త తీసి ఉంచితే పోతుంది. కిటికీ తీస్తే ఆవిడకి చలి. మూస్తే కంపు. ఇటు తీసి అటు మూసి నా చేతులు పడిపోయాయి. కోళ్ల మేత చెయ్యడం నేర్చుకోవడానికి ఇంతదూరం రావాలా, మా పాలేరు కూడా చేస్తాడని ఆవిడ కొడుకుతో అంది. నేను అక్కడే ఉన్నాను. నాకు వినిపించాలనే అంది.

నాకు పురుగులంటే రోత లేదు. అవి వాటి పని అవి చేసుకుంటాయి, పెట్టింది తింటాయి, నోరెత్తవు. నాకు రోత పుట్టించింది మనుషులు. బావ గడ్డం గీసుకుని వాష్‌బేసిన్‌ని అలాగే వదిలేసేవాడు, నేను మొహం కడుక్కోబోతే నురగలో ఆయన వెంట్రుకలు తేలుతూ ఉండేవి. తడిసిన మేజోళ్లు నా హీటర్ మీద ఆరేసేవాడు. అవి వేడెక్కి గదంతా కమ్ముకున్న కంపు ముందు నా డబ్బా అగరొత్తి. ఆ మేజోళ్ల గురించి అత్తయ్యగారు కొంగు అడ్డం పెట్టుకోలేదు. భోజనం చేసి బావ అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుని ఆ పుల్లని నా పుస్తకం అట్టమీద పెట్టేవాడు. రెండోసారి పెట్టినప్పుడు ఆ పుస్తకాన్నే చెత్తబుట్టలో వేద్దామనిపించింది. అది లైబ్రరీది కాబట్టి ఆగాను.

ఇక ఊరు చూడటం. వాళ్లు లేవకముందే లేచి నేను పురుగుల్ని తూచేదాన్ని. వాళ్లు తయారయ్యేలోగా రిపోర్టులో ఒక పేజీ రాసేదాన్ని. ఆపైన బస్సులు, రైళ్లు, కోటలు, మ్యూజియంలు. బస్సులో నా పుస్తకం ఒళ్లో తెరిచి ఉండేది, చదివిన వాక్యమే మళ్లీ చదివేదాన్ని. ప్రతి స్టాపులోనూ బావ ఇదేనా అని అడిగేవాడు. పెద్ద గడియారం ముందు నిలబడి, గడియారం వైపు తలైనా తిప్పకుండా, ఫొటో వచ్చిందా, అయితే పదండి, ఇది కవరైపోయింది అనేవాడు. రాజులుండే భవనంలో జనమంతా పైకప్పు మీది బొమ్మల్ని చూస్తుంటే ఈయన గొంతుకూర్చుని, నేలమీద గోటితో గీరి, జాయింట్లు ఎంత సన్నగా కొట్టారో చూడమని నన్ను పిలిచాడు. నిజం చెప్పాలంటే ఆయన మనసుపెట్టి చూసింది అదొక్కటే. కాసేపు ఆయన మీద ఇష్టం కూడా కలిగింది. అంతలో ఆ గీరిన చోట ఉమ్మి తడిపెట్టి, వేలితో రుద్ది, ఇది అసలు రాయే అని తేల్చాడు. కాపలా మనిషి మమ్మల్ని చూస్తూ ఉండిపోయాడు. నేను వాళ్లెవరో నాకు తెలియనట్టు పక్కగదిలోకి నడిచాను.

వీళ్లందరిలోకీ నాకు అక్కే దిక్కు. అక్క నాకన్నా చాలా పెద్దది. నేను స్కూలుకెళ్లే రోజుల్లోనే ఆమె పెళ్లైపోయింది. నాకు జడలు వేసింది ఆమె, అన్నం కలిపి పెట్టింది ఆమె, ఈ చదువుకి పంపించమని నాన్నతో పోట్లాడింది కూడా ఆమే. వచ్చిన మర్నాడే అక్క డబ్బా దగ్గర కూర్చుని గుడ్డ ఎత్తి చూసింది. మొహం చిట్లించలేదు. "మెతుకుల్లా ఉన్నాయే," అంది. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటానంది, తీసుకుంది, చక్కిలిగింతలు పెడుతోందని నవ్వింది. ఆ నవ్వు చూసి నా కడుపు నిండింది.

వలగుడ్డ ఊరికే జారిపోతోందని నేను విసుక్కుంటే, ఆమె తన పాత లంగాలోంచి ఎలాస్టిక్ లాగి, నా దగ్గరున్న సూదీదారంతో గుడ్డ అంచుకి చుట్టూ కుట్టిపెట్టింది. గాలి ఎందుకు ఆడాలో, ఆడకపోతే ఏమవుతుందో నేను చెబుతుంటే కుడుతూనే అన్నీ విన్నది. పొద్దున్నే నాతోపాటు లేచి, "నీ కవర్ ఇదిగో," అని అందించేది కూడా.

అక్క ఒక్కటే కోరిక కోరింది. ఊరికి దూరంగా, కొండల మధ్య ఒక పెద్ద సరస్సు ఉంది. నేను వచ్చిన కొత్తలో దాని ఫొటో పంపించాను. అది ఇన్నాళ్లూ ఆమె ఫోన్‌లో తెర మీద బొమ్మగా ఉంది. వెళ్లడానికి ఒక పూట, రాత్రికి అక్కడే ఉండి, రావడానికి ఒక పూట. తూకం సోమవారం పెట్టుకుని శని, ఆదివారాలు నేను రాలేనన్నాను. బావకి అభ్యంతరం లేదు, ఒక్క సరస్సుకి రెండ్రోజులు పెట్టే బదులు ఊళ్లో బోలెడు కవర్ చెయ్యొచ్చని ఆయన అప్పటికే గొణుగుతున్నాడు. అక్క వంటగట్టు దగ్గర అటు తిరిగి గిన్నెలు కడుక్కుంది. కడిగినవే మళ్లీ కడుగుతోంది. పెళ్లయ్యాక ఆమె వెళ్లిన ఊళ్లన్నీ ఎవరివో పెళ్లిళ్లకీ, కర్మలకీ వెళ్లినవే. నాకు మనసొప్పలేదు. మేత ఎక్కువ వేసి, కిటికీ సందు తీసి ఉంచితే రెండ్రోజులు పురుగులు వాటంతట అవే ఉంటాయి. రిపోర్టు దారిలో రాసుకోవచ్చు. సరే పదమన్నాను.

శనివారం పొద్దున్న మేత వేసి, తడి ఆరడానికి డబ్బాని వలగుడ్డ తీసి కాసేపు వదిలాను. బస్సుకి టైమైపోతోంది. టికెట్లు తీసి ఉంచుదామని నేను ముందు దిగి, మెట్ల మలుపులోంచి పైకి కేక వేశాను. "అక్కా, డబ్బాకి కవరేసి, తాళం వేసుకుని రండి."

సరేనని అక్క గొంతే వినిపించింది. వాళ్లు దిగడానికి నేననుకున్నదానికన్నా ఎక్కువసేపే పట్టింది. వచ్చాక అక్క నా పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చుంది. కాసేపు పడుకోవాలేమోలే అనుకున్నాను.

సరస్సు నిజంగా బాగుంది. ఇంత రోతలో కూడా ఆ మాట చెప్పకుండా ఉండలేను. కొండలు నీళ్లలో తలకిందులుగా, ఏ గాలీ కదపకుండా అలాగే నిలబడి ఉన్నాయి. బావ ఒడ్డున దిగీ దిగకముందే చుట్టూ తిప్పి వీడియో తీసి, తిన్న పొట్లం కాగితం రాళ్ల సందులో కుక్కి, తర్వాత ఏముందని అడిగాడు. నేను వంగి ఆ కాగితం బయటికి లాగి నా సంచీలో పెట్టుకున్నాను. చేతికి నూనె అంటుకుంది. అత్తయ్యగారు ఇలాంటి చెరువు మా ఊళ్లోనూ ఉందని చెప్పి లాడ్జిలో పడుకున్నారు. అక్క చెప్పులు విప్పి పాదాలు నీళ్లలో పెట్టి కూర్చుంది. పిలిచినా లేవలేదు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది. నేను పక్కన కూర్చుని రిపోర్టు రాసుకున్నాను. ఇన్నిరోజుల్లో చదువూ, ఊరు చూడటమూ ఒకదాన్నొకటి తన్నుకోకుండా సాగింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

అప్పుడే అక్క అడిగింది, సోమవారం నాటికి పురుగులకి ఏమన్నా అయితే ఏమవుతుందని. రాస్తూనే చెప్పాను. టర్ము పోతుంది, శిక్షణ పోతుంది, ఇంకో అర్ధ సంవత్సరం ఇక్కడే పడి ఉండాలి. "మళ్లీ పెంచుకోవచ్చుగా?" అంది. పెంచుకోవచ్చు, కానీ అదేం కొత్తిమీర కాదన్నాను. ఆమె నవ్వలేదు. పాదాలతో నీళ్లు కదుపుతూ ఉండిపోయింది.

ఆదివారం సాయంత్రం గది తలుపు తియ్యగానే నా కాళ్లు ఆగిపోయాయి. అది నా డబ్బా వాసన కాదు. నాకు తెలిసిన కుళ్లు వాసన కాదు. చచ్చిన వాసన. కిటికీ మూసి ఉంది. బల్ల పక్కన డబ్బా లేదు. బాత్రూంలో, వేడినీళ్ల గొట్టం కింద, ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, నోరు బిగించి ముడి మీద ముడి వేసి ఉంది. కవర్ లోపలంతా చెమట పట్టినట్టు నీళ్లు కారుతున్నాయి. ముడి రాకపోతే కత్తెరతో కోశాను. లోపల్నుంచి వచ్చిన ఆవిరి మొహానికి తగిలి డోకొచ్చింది. చెత్త చదివేదాన్ని, కుళ్లులో చేతులు పెట్టేదాన్ని, నేను వెళ్లి అదే వాష్‌బేసిన్‌లో కక్కుకున్నాను. పురుగులన్నీ గాలి కోసం పైకి పాకి, ఒకదాని మీద ఒకటి పడి, గోధుమరంగు ముద్దగా అయిపోయాయి. పుల్లతో కదిపి చూశాను. ఒక్కటీ కదల్లేదు. కింద నల్లటి రసం నిలిచి ఉంది. ఎలాస్టిక్ కుట్టిన వలగుడ్డ నా దిండు మీద మడతపెట్టి ఉంది.

అప్పుడు బావ నవ్వాడు. గట్టిగా కాదు, ముక్కులోంచి. "నువ్వే కదమ్మా కవరెయ్యమన్నావు," అన్నాడు. "ఒకటి చాలదని రెండేశాం."

అత్తయ్యగారు ముక్కు మీంచి కొంగు తీసి, ఇవాళన్నా రెండు ముద్దలు తినొచ్చు అన్నారు.

నేను వాళ్లతో మాట్లాడలేదు. అక్క వైపు తిరిగాను. ఆమె తలుపు దగ్గరే, చెప్పులు కూడా విప్పకుండా నిలబడి ఉంది. తనే వేశానని, కవర్ అంటే అలాగే అర్థమైందని నేల చూస్తూ చెప్పింది. నేను వలగుడ్డ తీసి ఆమె ముందు పట్టుకున్నాను. "దీనికి ఎలాస్టిక్ కుట్టింది నువ్వే కదా. రోజూ పొద్దున్నే నీ కవర్ ఇదిగో అని ఇచ్చింది నువ్వే కదా." ఆమె గుడ్డ వైపు కాక బావ వైపు చూసింది. అడిగినదానికి జవాబు అదే. మొగుడి పని తన నెత్తిన వేసుకుంటోందని నాకర్థమైంది. బావ మీద పుట్టిన రోత కన్నా ఎక్కువ రోత అప్పుడు ఆమె మీద పుట్టింది. ఆయన్నుంచి నేను ఏమీ ఆశించలేదు మరి.

బావ మంచం మీద కూర్చుని సలహా ఇచ్చాడు. ఇన్నాళ్ల తూకాలు ఉన్నాయి కదా, చివరిది కూడా ఏదో ఒక అంకె వేసి కవర్ చేసెయ్యి, పురుగుల్ని ఎవడు లెక్కపెట్టొచ్చాడు అన్నాడు. అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ అంతా విని, పోనీలే, పురుగులే కదా, బావగారితో మాట తూలకు, అక్క కాపురం చూడాలి కదా అంది. ఫోన్ పెట్టేశాను. చచ్చినవాటిని ఎత్తిపోసి, బాత్రూం కడిగి, డబ్బా అడుగున ఒక దోసెడు మాత్రం సాక్ష్యంగా ఉంచాను. అక్క చీపురు అందుకోబోయింది. ముట్టుకోవద్దన్నాను.

సోమవారం సాయంత్రమే వాళ్ల విమానం. ఆలోగా ఇంకో రెండు ప్లేసులు కవర్ చేసేయాలని బావ పొద్దున్నే బూట్లు వేసుకున్నాడు. అక్క నాతో కాలేజీకి వస్తానంది. కాలేజీలో చూడ్డానికేముందని బావ అడిగాడు. "ఏమీ లేదు. వెళ్లొస్తాను," అంది. ఆయనతో ఆమె అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయనా విని ఉండడు, నోరు తెరుచుకుని చూశాడు.

తూకం మేడమ్ డబ్బాలోకి వంగి చూసింది. ల్యాబ్‌లో కొత్త రంగు వాసనా, నా డబ్బా కంపూ కలిసి కళ్లు మండుతున్నాయి. ఆవిడ ముక్కు మూసుకోలేదు. పుల్లతో కదిపి, గాలి ఆడలేదు కదా అంది. అవునన్నాను. ఎలా అని అడగలేదు. అది నా సంరక్షణలో ఉన్న డబ్బా, ఎలా జరిగినా జరిగింది నా దగ్గరే అంది. ఇప్పటిదాకా తూచినవి బాగున్నాయని, కానీ బతికున్న తూకం లేకుండా తను సంతకం పెట్టలేనని చెప్పి, వచ్చే టర్ముకి గుడ్లు ఎప్పుడు ఇస్తారో తేదీ రాసిచ్చింది. కోపం లేదు, జాలి లేదు. ఎన్నోరోజులకి ఒక మనిషి నాతో ఉన్నమాట ఉన్నట్టు మాట్లాడింది. అదొక్కటే నాకు శుభ్రంగా అనిపించింది.

అక్క గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ మొహం చూస్తూ ఉంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అంతా అర్థమైనట్టే ఉంది ఆమె వాలకం.

తిరుగు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను, ఆమె నా పక్కన. ఏమందని అడిగింది. మళ్లీ మొదటినుంచి అని చెప్పాను. అప్పుడు అక్క, ఎదురుసీటు వెనకభాగాన్ని చూస్తూ మొదలుపెట్టింది.

"ఆయన కట్టమన్నారు. తిరిగొచ్చేసరికి ఈ కంపు ఉండకూడదన్నారు, లేకపోతే సరస్సూ లేదు ఏమీ లేదు, అందరం ఇంట్లోనే కూర్చుందామన్నారు. చెప్పింది ఆయనే. కట్టిన చేతులు నావి. నువ్వు ఏ కవరు గురించి కేకేశావో నాకు బాగా తెలుసు."

చచ్చిపోతాయని తెలుసా అని అడిగాను. తెలుసంది. ఒకవేళ బతుకుతాయేమో, ముడి కాస్త వదులుగా వేస్తే ఫర్వాలేదేమో అనుకుందట. వదులుగా వేశావా అంటే, ఆయన పక్కనే నిలబడి ఉన్నారంది.

నేను ఇక అడగదలచుకోలేదు. ఆమె ఆగలేదు. "ఒడ్డున కూర్చున్నప్పుడు అడిగాను చూడు, ఏమవుతుందని. అప్పుడే చెప్పేద్దామనుకున్నానే. మధ్యాహ్నమే కదా, వెంటనే బయల్దేరితే కొన్నైనా దక్కేవేమో. కానీ చెబితే నువ్వు లేచి వెళ్లిపోతావు. అందరం వెళ్లాల్సొస్తుంది. ఇంకొంచెంసేపు కూర్చుందామనిపించింది. అంతే. చీకటి పడిపోయింది."

నాకు ఒళ్లంతా చీదర పుట్టింది. మొగుడికి భయపడి చేసింది అంటే ఏదో ఒకలా మింగేదాన్ని. ఇది అది కాదు. నేను పక్కనే కూర్చుని, ఇన్నాళ్లకి ఒక మంచి మధ్యాహ్నం దొరికిందని మురిసిపోతూ రిపోర్టు రాసుకుంటుంటే, ఆ రిపోర్టు దేని గురించో అది గదిలో ఊపిరాడక చస్తోందని తెలిసి, ఆమె పాదాలతో నీళ్లు కదుపుతూ కూర్చుంది. నా జడలు వేసిన మనిషి. ఆమె చెయ్యి నా చేతిమీద ఉంటే తీసేశాను.

"ఎలా ఉంది సరస్సు?" అన్నాను. గుచ్చడానికే అన్నాను.

ఆమె దాన్ని వెటకారంగా తీసుకోలేదు. నిజంగా అడిగాననుకుని, కాసేపు ఆలోచించింది. "చాలా బాగుందే," అంది. "అంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలీదు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. మళ్లీ ఎప్పుడూ చూడను కదా అనుకుంటూ చూశాను."

నా చదువుని నీళ్లపాలు చేసి, నా మొహం మీద ఆ మాట అనడానికి ఎంత ధైర్యం ఉండాలి. ఆ మాటలో అబద్ధం లేదన్నదే నన్ను ఇంకా కుళ్లబొడిచింది. వచ్చిన దగ్గర్నుంచి వీళ్లలో ఒక్కరైనా ఒక్క చోటునైనా చూశారా అంటే ఈమే చూసింది. దానికి ఇంత ఖరీదు నేనెందుకు కట్టాలో నాకు తెలియలేదు.

నన్ను క్షమిస్తావా అని అడిగింది. లేదన్నాను. ఎప్పటికైనా అంది. తెలీదన్నాను. "సరే," అని తలూపి, కన్నీళ్లు తుడుచుకోకుండానే, నా భుజం మీంచి మెడ సాచి కిటికీలోంచి చూడటం మొదలుపెట్టింది. దుకాణాలు, సైకిళ్లు, కుక్కని లాక్కుపోతున్న ముసలావిడ, ఏది కనిపిస్తే అది. ఇంత జరిగాక కూడా ఆమె కళ్లు ఊరి మీదే ఉన్నాయి. ఆకలితో ఉన్న మనిషి ఎంగిలి విస్తరి వైపు చూసినట్టు చూస్తోంది. నాకు చూడబుద్ధి కాలేదు. అసహ్యం ఎక్కడా తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు.

బస్సు మలుపు తిరిగింది. నేను లేచి నిలబడ్డాను.

"ఇటు జరిగి కూర్చో," అన్నాను. "నది ఈ పక్కనే వస్తుంది."